మాల తీశాక గడ్డం ఉంచుకోవాలా, తీసేయాలా? అసలు ఎవరికి ఏది నప్పుతుంది?

తెనాలి_కుర్రాడు:
అందరికీ నమస్తే. ఈసారి అయ్యప్ప మాల వేసుకున్నాను, శబరిమల వెళ్లొచ్చి మాల తీసేశాను. దీక్షలో 41 రోజులు కత్తి తగలకుండా పెరిగిన గడ్డం మాత్రం ఇంకా అలాగే ఉంది. ఇంతకుముందు ఎప్పటికప్పుడు గీసేసుకునేవాణ్ని కాబట్టి నాకు ఇంత గడ్డం వస్తుందని తెలియనే తెలియదు. ఆఫీసులో సగం మంది బాగుంది ఉంచేయ్ అంటున్నారు, అమ్మేమో సన్నాసిలా ఉన్నావు తీసెయ్ అంటోంది. బుగ్గల మీద పల్చగా ఉంది, గడ్డం కింద, మీసం దగ్గర ఒత్తుగానే ఉంది. ముఖం కొంచెం గుండ్రం. వయసు 26, సంబంధాలు చూస్తున్నారు. నిండు గడ్డమా, ఫ్రెంచ్ కట్టా, ఒట్టి మీసమా, నున్నగా గీసుకోవడమా? మీకు ఏది బాగుంటుందో చెప్పండి, ఎందుకు బాగుంటుందో కూడా చెప్పండి. హీరోల ఫొటోలు మాత్రం పెట్టకండి, వాళ్లకి గడ్డం సెట్ చేసే మనిషి ఎప్పుడూ పక్కనే ఉంటాడు, నాకు ఉండడు.

ఓరుగల్లు_రవ్వ:
ఉంచేయ్ తమ్ముడూ, ఆలోచించేది ఏముంది. ఈ వయసులో ఉంచకపోతే ఇంకెప్పుడు ఉంచుతావ్. మగాడికి నిండు గడ్డమే అందం, నా ఓటు దానికే. బుగ్గల మీద పల్చగా ఉందన్నావు కదా, ఆ చోట రోజు విడిచి రోజు బ్లేడు వెయ్, రెండు మూడు నెలల్లో గుబురుగా వస్తుంది.

చర్మం_డాక్టర్:
రవ్వ గారూ, మీ మొదటి మాటకి నాకు అభ్యంతరం లేదు, రెండోదానికి ఉంది. గీస్తే ఒత్తుగా రాదు. ఈ నమ్మకాన్ని 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పరీక్షించి చూశారు, మగవాళ్ల చేత పద్ధతిగా షేవింగ్ చేయిస్తూ వెంట్రుక మందం, పెరిగే వేగం కొలిచారు, ఏ మార్పూ రాలేదు. మరి గీసిన తర్వాత గరుకుగా ఎందుకు అనిపిస్తుందంటే, సహజంగా పెరిగిన వెంట్రుక చివర సన్నగా ఉంటుంది, బ్లేడు దాన్ని మధ్యలో కోసేస్తుంది కాబట్టి మొద్దుగా ఉన్న కొస బయటికి వస్తుంది. చేతికి తగిలేది ఆ కొస. వేరు చర్మం లోపల ఉంటుంది, పైన బ్లేడు ఆడినట్టు దానికి తెలియను కూడా తెలియదు.

తెనాలి బాబూ, నీ వయసుకి బుగ్గలు పల్చగా ఉండటం మామూలే. గడ్డం టీనేజీలో మొదలై చాలామందికి ముప్ఫై దాకా నిండుతూనే ఉంటుంది. ముందు మూతి మీద, తర్వాత గడ్డం కింద, చెంపల దగ్గర, అన్నిటికన్నా ఆఖరున బుగ్గల మీద. మీ నాన్నగారి, మేనమామల బుగ్గలు ఎలా ఉన్నాయో ఒకసారి గమనించు, కొంత అంచనా దొరుకుతుంది.

బెజవాడ_కత్తెర:
నాకు సెలూన్ ఉంది, మా నాన్న దగ్గర నేర్చుకున్న పని. తమ్ముడూ, తొందరపడి తీసేయొద్దు. ఉంచమని చెప్పడం లేదు, తొందరపడొద్దంటున్నాను అంతే. మాల గడ్డం చాలా మంచి పరీక్ష. మామూలుగా గడ్డం పెంచుదాం అనుకున్నవాళ్లు రెండో వారం దురద మొదలవగానే వచ్చి కుర్చీలో కూర్చుంటారు, తీసెయ్ అన్నా అంటారు. దీక్షలో ఆ వీలు ఉండదు. అన్ని రోజులు వదిలేస్తే ఒకటిన్నర సెంటీమీటర్ దాకా పెరుగుతుంది, ఎక్కడ ఒత్తు, ఎక్కడ ఖాళీ, ఎక్కడ సుడి తిరుగుతోంది అన్నీ బయటపడతాయి. ఏ స్టైల్ నప్పుతుందో చెప్పేది ఆ మొలక, కేటలాగ్ బొమ్మ కాదు.

ఇలా చెయ్. తలస్నానం చేసి గడ్డం పూర్తిగా ఆరనివ్వు. తడి మీద ట్రిమ్మర్ పెట్టొద్దు, తడి వెంట్రుక సాగి పొడుగ్గా కనిపిస్తుంది, ఆరాక చూసుకుంటే అనుకున్నదానికన్నా పొట్టిగా తేలుతుంది. ఆరిన తర్వాత దువ్వెనతో కిందికి దువ్వి కిటికీ వెలుతురులో అద్దం చూసుకో. మొదట సరిచేయాల్సింది బుగ్గలు కాదు, మెడ. గొంతు ముడి పైన రెండు వేళ్లు అడ్డంగా ఆనించు, పై వేలు ఎక్కడుందో అక్కడి నుంచి రెండు చెవుల కిందికి ఒక వంపు ఊహించుకో, ఆ వంపు కింద ఉన్నదంతా తీసెయ్. చాలామంది ఈ గీతని దవడ ఎముక మీదికి ఎక్కించేస్తారు. అప్పుడు తల కొంచెం దించగానే కింద కండ ఉబ్బి రెండో గడ్డంలా కనిపిస్తుంది, గుండ్రటి ముఖాలకి ఇంకా ఎక్కువ. అసలు మెడ సరిచేయించుకోకపోతే ఎంత మంచి గడ్డమైనా ఒంట్లో బాగాలేని మనిషిలా చూపిస్తుంది. అమ్మగారు సన్నాసి అన్నారంటే నా లెక్కలో మెడ గురించే అన్నారు.

బుగ్గల పైన సహజంగా ఉన్న గీత వదిలెయ్, దానిపైన విడివిడిగా మొలిచినవి మాత్రం తీసెయ్. కొందరు ఆ గీతని కిందికి దించి స్కేలు పెట్టి గీసినట్టు సన్నగా లాగించుకుంటారు, ఆ రోజు సాయంత్రానికి బాగుంటుంది, మూడో రోజుకి చుట్టూ మొలకలొచ్చి మాసినట్టవుతుంది. పల్చటి చోట పొడుగు వదలకూడదు, వదిలితే మధ్యలో చర్మం ఇంకా కనిపిస్తుంది. నీకు పక్కల 3 మి.మీ., గడ్డం కింద ఎనిమిదో పదో ఉంచితే ముఖం కాస్త కోలగా వస్తుంది. మీసం మాత్రం కత్తెరతోనే, పెదవి మీదికి దిగిన వెంట్రుకలే. ట్రిమ్మర్ ఒక పక్క జారిందా, రెండో పక్క కూడా తీసేయాల్సి వస్తుంది.

గోదారి_అమ్మాయి:
అన్నా మీరు చెప్పిన మెడ విషయం ప్రతి అబ్బాయీ చదవాలి! అమ్మాయిల వైపు నుంచి చెప్తాను, నా ఒక్కదాని అభిప్రాయమే, అందరి తరఫునా కాదు. మాకు గడ్డం ఉందా లేదా అన్నది అంత పెద్ద విషయం కాదు, దాన్ని ఆ మనిషి పట్టించుకుంటున్నాడా లేదా అన్నది ఒక్క చూపులో తెలిసిపోతుంది. పైపెదవి కనిపించకుండా మీసం కప్పేస్తే నవ్వుతున్నాడో విసుక్కుంటున్నాడో అర్థం కాదు. పప్పుచారు, మజ్జిగ తాగిన తర్వాత మీసం తుడుచుకోవడం అలవాటున్న వాళ్లే పెద్ద మీసం పెంచాలి, ఇది నేను చాలా సీరియస్‌గా చెప్తున్నాను. రెండు మూడు రోజుల గడ్డం చూడటానికి బాగుంటుంది కానీ అందరికన్నా గుచ్చుకునేది అదే. మా అక్క కూతురు బుగ్గలు వాళ్ల నాన్న ముద్దు పెట్టినప్పుడల్లా ఎర్రగా కందిపోయేవి, ఆయన ఇంకొంచెం పెంచాక ఆ బాధ పోయింది, పొడుగైతే మెత్తబడుతుంది కదా.

సంబంధాలకి వెళ్లేటప్పుడు ఎలా ఉంటావో ఆ తర్వాత కూడా అలాగే ఉంటావనుకునే ముఖంతో వెళ్లు. పెళ్లిచూపుల కోసం గీసుకుని, పెళ్లయ్యాక గుబురుగా పెంచితే ఆ అమ్మాయి చూసి ఒప్పుకున్న ముఖం అది కాదు.

మెల్‌బోర్న్_మావయ్య:
ఇక్కడ ఆస్ట్రేలియాలో దీని మీద నిజంగానే పరిశోధన జరిగింది. న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీలో బార్నబీ డిక్సన్, రాబర్ట్ బ్రూక్స్ 2013లో ఒక పేపర్ వేశారు. అవే ముఖాలని నాలుగు దశల్లో ఫొటోలు తీశారు: నున్నగా గీసినప్పుడు, ఐదు రోజుల మొలకతో, పది రోజుల మొలకతో, నిండు గడ్డంతో. ఆడవాళ్లు అన్నిటికన్నా ఆకర్షణగా ఉందని మార్కులు వేసింది పది రోజుల మొలకకి. మంచి తండ్రి అవుతాడా, ఆరోగ్యంగా ఉన్నాడా అని అడిగితే మాత్రం నిండు గడ్డానికి ఎక్కువ పడ్డాయి. 2014లో వాళ్ల బృందమే ఇంకో పేపర్ వేసింది, నాకు అది ఇంకా నచ్చింది. చుట్టూ అందరూ నున్నగా ఉంటే గడ్డం ఉన్నవాడు బాగా కనిపిస్తాడట, చుట్టూ అందరికీ గడ్డాలుంటే గీసుకున్నవాడు బాగా కనిపిస్తాడట. ఏది అరుదైతే దానికి విలువ.

మనవైపు చూస్తే ఇది ఎంత నిజమో. నేను చదువుకునే రోజుల్లో గడ్డం పెంచినవాణ్ని చూస్తే ప్రేమ విఫలమైందా, ఇంట్లో ఎవరైనా పోయారా అని అడిగేవాళ్లు. మీసం లేని హీరోని ఊహించుకోలేకపోయేవాళ్లం. 2017, 18 ప్రాంతంలో హీరోలందరూ వరసగా గడ్డాలతో రావడం మొదలైంది, ఇప్పుడు హైదరాబాద్‌లో దిగితే కుర్రాళ్లలో నున్నటి ముఖం వెతుక్కోవాలి. కాబట్టి తెనాలి బాబూ, మీ ఆఫీసులో ఎంతమందికి గడ్డాలున్నాయో ముందు చూడు.

అన్నట్టు నవంబరులో ఇక్కడ ఎవరిని చూసినా మీసాలే. మువెంబర్ అని 2003లో మెల్‌బోర్న్‌లోనే పుట్టింది, నెల మొత్తం మీసం పెంచి ప్రొస్టేట్ క్యాన్సర్ లాంటి మగవాళ్ల జబ్బుల కోసం చందాలు పోగు చేస్తారు. నేనూ ప్రతి ఏడూ పెంచుతాను. మన దగ్గర అదే నెలలో మాలలు మొదలవుతాయి కాబట్టి ఇంటికి వీడియో కాల్ చేస్తే రెండు వైపులా గడ్డాలే.

నున్నగా_నాకిష్టం:
అందరూ గడ్డం వైపే మాట్లాడుతున్నారు కాబట్టి రెండో పక్షం నేను చెప్తాను. మన ఎండలకి, మన ఉక్కపోతకి రోజూ గీసుకున్న ముఖమంత హాయి ఇంకేదీ లేదు. మే నెలలో విజయవాడలో నిండు గడ్డంతో తిరిగి చూడండి, చెమట కారి గడ్డం లోపల చేరి మెడంతా చిరచిరలాడుతుంది. పొద్దున్నే వేడినీళ్లు, నురుగు, బ్లేడు, చివర తడిపిన పటిక ముక్క ముఖమంతా ఒకసారి రుద్దితే వచ్చే ఆ చల్లదనం, ఆ శుభ్రం, దాని ముందు ఏ బియర్డ్ ఆయిలూ పనికిరాదు. పైగా నున్నటి ముఖం దేన్నీ దాచదు. దవడ బాగున్నవాడు దాన్ని గడ్డంతో కప్పేయడం ఎందుకో నాకు అర్థం కాదు. ఇప్పుడు గడ్డం నూనె, గడ్డం షాంపూ, గడ్డం మైనం అని వేలకు వేలు పెట్టించేస్తున్నారు కుర్రాళ్ల చేత, హాస్టల్ ఫీజు కట్టడానికి అప్పు చేసినవాడు కూడా కొంటున్నాడు. మింగ మెతుకు లేదు మీసాలకు సంపెంగ నూనె అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

బెజవాడ_కత్తెర:
సోదరా, నూనె విషయంలో నీతోనే ఉన్నాను. రాత్రి నాలుగు చుక్కల కొబ్బరి నూనె వేళ్లతో చర్మానికి తగిలేలా రాసి దువ్వితే చాలు. మొటిమలు వచ్చే ముఖమైతే అది కూడా వద్దు.

పద్యం_మాస్టారు:
పిల్లలంతా గడ్డం గురించే మాట్లాడుతున్నారు, మీసాన్ని వదిలేశారు. ముఖానికి తీరు ఇచ్చేది మీసకట్టు. దిగువకి వాలిన మీసం వేరు, కొసలు తేలిన కోరమీసం వేరు, బుగ్గల దాకా పాకిన బుగ్గమీసం వేరు, మనిషి నోరు విప్పకముందే అతని స్వభావం గురించి ఏదో చెబుతాయి. మన పౌరాణికాల్లో రాముడికి, కృష్ణుడికి మీసం పెట్టరు, దుర్యోధనుడికి, రావణుడికి పెడతారు. ఎన్టీ రామారావు గారు ఆ రెండు రకాల వేషాలూ కట్టారు కాబట్టి ఒకే ముఖం మీద మీసం ఎంత తేడా తెస్తుందో మా తరం కళ్లారా చూసింది. మెత్తదనం కావాలంటే తీసేస్తారు, పౌరుషం కావాలంటే పెడతారు. అలాగని దేవుడికి మీసం ఉండకూడదనే నియమమేమీ లేదు, చెన్నై తిరువల్లిక్కేణిలో పార్థసారథి స్వామి మూలవిరాట్టుకి నిండైన మీసం ఉంటుంది, ఎప్పుడు వెళ్లినా కాసేపు దాన్నే చూస్తూ నిలబడతాను. యుద్ధంలో రథం తోలిన స్వామికి అది ఎంత బాగా అమరిందో చెప్పలేను.

మన అల్లూరిని గడ్డం లేకుండా ఊహించగలరా? వేమనని? గద్దర్‌ని? వాళ్లకి అది అలంకారం కాదు, వాళ్లు ఎంచుకున్న బతుకులో భాగం. కాబట్టి నాయనా, నువ్వు ఎలాంటివాడివో ఆలోచించుకుని పెంచు.

పల్నాడు_గాలి:
మాస్టారూ, మీరంటే గౌరవం ఉంది, మీసమూ పౌరుషమూ అన్నారు కాబట్టి ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. మా తాతకి మీసం ఉండేది కాదు. ఆయనకి ఇష్టం లేక కాదు. మా పేట కుర్రాడు మీసం మెలేసి పెద్దల వీధిలో నడిస్తే సాయంత్రానికి పంచాయితీ పెట్టేవాళ్లట, అందుకని మా పేటలో చాలామంది పెంచేవాళ్లే కారు, పెంచినా కిందికి దువ్వి ఉంచేవాళ్లు. ఎప్పుడో పోయిన కాలం అనుకోకండి. 2017లో గుజరాత్‌లో గాంధీనగర్ దగ్గర ఒక ఊళ్లో మీసం పెంచారని దళిత కుర్రాళ్లని కొట్టారు, అప్పుడు ఆ రాష్ట్రంలో ఎంతోమంది దళిత యువకులు మీసం మెలేసిన తమ ఫొటోలు సోషల్ మీడియాలో పెట్టారు, వాట్సాప్ డీపీలు మార్చేశారు. ఆ ఫొటోలు చూసిన రోజు నాకు ఏడుపు ఆగలేదు.

నేను కోరమీసం పెంచుతాను. నా ముఖానికి అంత బాగా నప్పదు, మా ఆవిడ కూడా అదే అంటుంది. అయినా పెంచుతాను. ఏది బాగుంటుంది అనే చర్చ మంచిదే, చేయండి, కానీ బాగుండటం కోసం కాకుండా పెంచేవాళ్లు కూడా ఉంటారని గుర్తుంచుకోండి. మూతి మీద మీసం ఉన్న మగాడివైతే రా అని మాట తూలేవాళ్లు ఒకప్పుడు ఆ మీసం ఎవరెవరికి లేకుండా చేశారో కూడా తెలుసుకోవాలి.

పద్యం_మాస్టారు:
నాయనా, మీ మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీ తాతగారికి నా నమస్కారం. మీ మీసం మీకు నప్పుతుంది.

చార్మినార్_చాయ్:
పల్నాడు అన్నా, సలాం.

మా ఇంట్లో మగవాళ్లందరికీ గడ్డమే, పిడికెడు ఉండాలని మా పెద్దలు చెబుతారు, గుప్పెట్లో పట్టుకుని కిందికి వచ్చింది కత్తిరించుకుంటాం. అది మతం విషయం కాబట్టి బాగుందా లేదా అని మేం లెక్క వేసుకోం, కానీ శుభ్రం విషయంలో మాత్రం మా నాన్న చాలా గట్టిగా ఉంటారు. రోజుకి ఐదుసార్లు వజూ, అంటే నమాజుకి ముందు ముఖం, కాళ్లు, చేతులు కడుక్కోవడం, చేసేటప్పుడు గడ్డంలోకి తడి వేళ్లు పోనిచ్చి దువ్వినట్టు చేస్తాం. పొడుగు గడ్డం పెంచేవాళ్లు ఎవరైనా ఆ అలవాటు చేసుకోండి, నీళ్లు వేరు దాకా తగిలితే పొట్టు రాలడం, దురద రెండూ తగ్గుతాయి.

ఉక్కునగరం:
వైజాగ్ నుంచి. ఇక్కడ నేవీ వాళ్లలో గడ్డం ఉన్నవాళ్లు కనిపిస్తుంటారు, అనుమతి తీసుకుని పెంచుకోవచ్చు, పెంచితే చక్కగా నిండుగా ఉంచాలి. ఆర్మీలో, ఎయిర్‌ఫోర్స్‌లో సిక్కులకి తప్ప అంత సులువు కాదు. ఎయిర్‌ఫోర్స్‌లో ఒక ముస్లిం ఉద్యోగి గడ్డం పెంచుకుంటానని సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 2016 డిసెంబరులో కోర్టు ఒప్పుకోలేదు, బలగాల్లో అందరూ ఒకేలా ఉండాలన్న నిబంధనని సమర్థించింది. పూర్వం బ్రిటిష్ సైన్యంలో దీనికి తలకిందులుగా ఉండేది, పైపెదవి గీయకూడదని రూలు, అంటే మీసం తప్పనిసరి, మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో 1916లో ఎత్తేశారు. యూనిఫాం ఉద్యోగాలకి ప్రయత్నించే కుర్రాళ్లు స్టైల్ ఎంచుకునే ముందు రూలు చదువుకోండి.

జగిత్యాల_టు_గల్ఫ్:
యూనిఫాం లేకున్నా మాకు ఇదే లొల్లి. నేను రిఫైనరీలో పని చేస్తా. హెచ్‌టూఎస్ అనే విషవాయువు ఉండే చోటు, లోపలికి పోవాలంటే ముఖానికి గట్టిగా అతుక్కునే మాస్కు పెట్టాలి. దానికి ముందు ఫిట్ టెస్ట్ చేస్తరు. మాస్కు అంచు చర్మానికి ఆనే చోట ఒక్క రోజు గడ్డం మొలక ఉన్నా సందులోంచి గాలి పోతది, అందుకని గేటు దగ్గరే ముఖం చూసి వెనక్కి పంపుతరు. మాల వేసుకున్న మన పిల్లలు ఆ రోజుల్లో వేరే పని అడుక్కుంటరు, లేదంటే ఇంటికి సెలవు పెట్టుకుని పోయినప్పుడే మాల వేసుకుంటరు. కరోనా అప్పుడు ఎన్95 మాస్కులకి కూడా ఇదే లెక్క అని చాలామందికి తెలియదు, నిండు గడ్డం మీద అది పెట్టుకుంటే పక్కల నుంచి గాలి దూరుతనే ఉంటది. మీసం పర్వాలేదు, మాస్కు లోపలే ఉంటది కాబట్టి. అందుకే మా దగ్గర మనోళ్లందరికీ మంచి మంచి మీసాలుంటయ్, ఉన్న ఒక్కదాన్ని అంత ప్రేమగా చూసుకుంటం.

మియాపూర్_అమ్మ:
డాక్టర్ గారూ, ఈ చర్చ చూసి మా అబ్బాయి గురించి అడగాలనిపించింది. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. గడ్డంలో ఒక పక్క రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు ఊడి నున్నగా అయిపోయింది. వాడు టెన్షన్ పడి కాలేజీకి మాస్కు పెట్టుకుని వెళ్తున్నాడు. ఫ్రెండ్స్ చెప్పారని ఏదో మినాక్సిడిల్ తెచ్చి రాస్తున్నాడు. అది మంచిదేనా?

చర్మం_డాక్టర్:
అమ్మా, మీరు చెప్పిన తీరు చూస్తే పేనుకొరుకుడు కావచ్చు, చూడకుండా ఖాయంగా చెప్పలేను. గుండ్రంగా, నున్నగా, పొట్టు లేకుండా, దురద లేకుండా ఉంటే ఎక్కువగా అదే. పేరులో పేను ఉంది కానీ పేనుకి, పురుగుకి దీనితో సంబంధమే లేదు, మన రోగనిరోధక శక్తి పొరపాటున వెంట్రుక కుదుళ్ల మీదికి వెళ్లడం వల్ల వస్తుంది. ఒకరి నుంచి ఒకరికి అంటదు. చిన్న మచ్చలు చాలావరకు తిరిగి మొలుస్తాయి, కొన్నిసార్లు మొదట తెల్ల వెంట్రుకలు వచ్చి తర్వాత నల్లబడతాయి. అవసరమైతే ఆ చోట స్టెరాయిడ్ ఇంజెక్షన్లు చేస్తాం. దయచేసి నాటు మందులు పూసి చర్మం కాల్చుకోనివ్వకండి, నా దగ్గరికి అలా బొబ్బలతో వచ్చే పిల్లలని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

అదే మచ్చ ఎర్రగా ఉండి, అంచు ఉబ్బి, పొట్టు రాలుతూ దురద పెడితే మాత్రం తామర అయ్యే అవకాశం ఎక్కువ. దానికి మందు పూర్తిగా వేరు. మన దగ్గర మెడికల్ షాపులో అడిగితే ఇచ్చేసే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది, తామర మీద అది రాస్తే నాలుగు రోజులు ఎరుపు తగ్గి, తర్వాత రెండింతలు పాకుతుంది, పైగా రూపం మారిపోయి మాకే గుర్తుపట్టడం కష్టమవుతుంది. కాబట్టి ముందు చూపించండి, తర్వాతే ఏదైనా రాయండి.

మినాక్సిడిల్ విషయం. అది మొదట బీపీ మాత్ర, వేసుకున్నవాళ్లకి ఒంటి మీద వెంట్రుకలు పెరగడం గమనించి తలకి రాసే మందుగా మార్చారు. గడ్డానికి అని దానికి ఆమోదం లేదు, కొందరిలో కొంత ఫలితం కనిపించిన మాట నిజమే. కానీ చర్మం ఎండిపోవడం, దురద, కొందరికి గుండె దడ ఉంటాయి, రాయడం ఆపేస్తే వచ్చింది కొంత పోవచ్చు కూడా. ఇంట్లో పిల్లి ఉంటే అస్సలు వద్దు, పిల్లులకి అది విషం, మీ ముఖాన్ని నాకినా ప్రమాదమే. ఇరవై ఏళ్ల పిల్లాడికి, ఇంకా నిండే గడ్డం కోసం, నేనైతే రాసివ్వను.

మియాపూర్_అమ్మ:
చాలా థ్యాంక్స్ అమ్మా. పొట్టు, దురద ఏమీ లేవు. రేపే తీసుకెళ్తాను. వాడికి మీ జవాబు మొత్తం చదివి వినిపించాను, అంటదు అన్న మాట దగ్గర ఇంకోసారి చదవమన్నాడు.

ఓరుగల్లు_రవ్వ:
డాక్టర్ గారూ, నాకు మెడ మీద గీసుకున్న ప్రతిసారీ ఎర్రటి పొక్కులు వస్తాయి, కొన్నిట్లో చీము కూడా. అందుకే నేను గడ్డం పెంచేది. దీనికేమైనా ఉందా?

చర్మం_డాక్టర్:
ఉంగరాల వెంట్రుకలా మీది? అలాంటివాళ్లలో గీసిన వెంట్రుక కొస వంకర తిరిగి మళ్లీ చర్మంలోకే గుచ్చుకుంటుంది, దాని చుట్టూ పొక్కు వస్తుంది. గడ్డం పెంచడమే అన్నిటికన్నా మంచి మందు, మీరు చేస్తున్నది సరైనదే. గీయక తప్పనప్పుడు ఎదురు గీయకండి, చర్మాన్ని లాగిపట్టి గీయకండి, నాలుగైదు బ్లేడ్ల రేజరు వదిలేసి ట్రిమ్మరుతో ఒక మి.మీ. మిగిల్చి ఆపేయండి. సెలూన్‌లో కొత్త బ్లేడు మీ కళ్ల ముందే వేయించుకోండి. హెపటైటిస్ బి, సి రక్తం తగిలిన బ్లేడుతో అంటుకోవచ్చు, ముఖం మీద చిన్న పులిపిర్లు గీతలు గీతలుగా పాకిపోవడం కూడా షేవింగ్ వల్లే చూస్తుంటాం.

బెజవాడ_కత్తెర:
కొత్త బ్లేడు అడగడానికి మొహమాటపడకండి, మా పనిలో అది తప్పుగా తీసుకునేవాళ్లు ఎవరూ ఉండరు. ఒకటే బ్లేడుని సగానికి విరిచి వేస్తాం, పని అవగానే పారేస్తాం. మెడ మీద వెంట్రుక అన్నిచోట్లా ఒకే దిక్కుకి పోదు, గొంతు కింద చాలామందికి పక్కకి, కొందరికి పైకి మొలుస్తుంది. వేలితో రాస్తే ఏ వైపు నున్నగా ఉందో ఆ వైపే కత్తి నడవాలి.

స్టైళ్ల విషయం మళ్లీ చెప్తాను, చాలామంది మెసేజ్ పెట్టారు. ఫ్రెంచ్ కట్ బుగ్గలు ఖాళీగా ఉన్నవాళ్లకి వరం, కానీ మీసం గడ్డంతో కలిసే ఆ రెండు మూలల్లో వెంట్రుక ఉండాలి, లేకపోతే అతికించినట్టుంటుంది. కోల ముఖం ఉన్నవాళ్లు గడ్డం కింద పొడుగు వదలొద్దు, పక్కల కొంచెం నింపుకోండి. ఒట్టి గడ్డం, మీసం లేకుండా, మనవాళ్ల ముఖాలకి అమరడం అరుదు. బుగ్గమీసం అడిగితే నేను వెంటనే ఒప్పుకోను. 2019లో వింగ్ కమాండర్ అభినందన్ పాకిస్తాన్ నుంచి తిరిగొచ్చిన వారమంతా మా షాపులో అదే అడిగారు, సంతోషంగానే పెట్టాను, దేశం మీద ప్రేమతో వచ్చారు. కానీ ఆ మీసం చెవుల దాకా పాకాలంటే బుగ్గల మీద ఒత్తు కావాలి, దాన్ని నిలబెట్టుకోవడానికి రోజూ అద్దం ముందు టైమ్ కావాలి. చాలామంది నెల తిరక్కుండానే తీయించేశారు.

గోదారి_అమ్మాయి:
పెళ్లికొడుకుల సంగతి కూడా చెప్పండి అన్నా. మా అన్నయ్య పెళ్లిలో బుగ్గచుక్క ఎక్కడ పెట్టాలో తెలియక పెద్దవాళ్లు కాసేపు తర్జనభర్జన పడ్డారు, నిండు గడ్డం కదా. చివరికి మా మేనత్త గడ్డం గీత పైన, కంటి కింద ఎముక దగ్గర పెట్టింది, ఎంత బాగుందో. అప్పటి నుంచి మా ఇంట్లో గడ్డం పెళ్లికొడుకులకి అక్కడే పెడుతున్నాం.

బెజవాడ_కత్తెర:
పెళ్లి గడ్డం ముహూర్తానికి రెండు రోజుల ముందు సెట్ చేయించుకోవాలి, ఆ రోజు పొద్దున కాదు. మెడ దగ్గర ఎరుపు తగ్గడానికి, ఎక్కడైనా తేడా ఉంటే సరిచేయడానికి టైమ్ ఉంటుంది. ఆ రెండో రోజు మంగళవారం పడకుండా చూసుకోండి, మా షాపులు మూసి ఉంటాయి. కొత్త స్టైల్ పెళ్లికి ప్రయత్నించొద్దు, ఫొటోలు జన్మంతా ఉంటాయి.

ఉక్కునగరం:
నాకు 44. గడ్డం కింద సగం తెల్లబడింది, మీసం నల్లగానే ఉంది. రంగు వేయాలా వద్దా? ప్యాకెట్ కొని పెట్టుకున్నాను.

మెల్‌బోర్న్_మావయ్య:
వద్దండీ. నెరిసిన గడ్డం పొట్టిగా, శుభ్రంగా ఉంచితే దానికున్న హుందాతనం రంగుకి రాదు. రంగు వేస్తే నాలుగో రోజుకి మొదళ్లలో తెల్లగా బయటపడుతుంది, గడ్డం తలకన్నా తొందరగా చెబుతుంది.

నున్నగా_నాకిష్టం:
లేదా తీసేయండి, పదేళ్లు తగ్గుతారు.

చర్మం_డాక్టర్:
వేయాలనుకుంటే వేయండి, అది మీ ఇష్టం, కానీ ఒక్క పని చేశాకే. నల్ల రంగుల్లో చాలావాటిలో పీపీడీ అనే రసాయనం ఉంటుంది, ముఖం చర్మం తలకన్నా సున్నితం కాబట్టి పడనివాళ్లకి గడ్డం మొత్తం వాచి, నీరు కారి, కళ్లు కూడా మూసుకుపోతాయి. ఎన్నేళ్లుగానో వేసుకుంటున్నవాళ్లకి కూడా ఒక రోజు ఉన్నట్టుండి పడకపోవచ్చు. మూలికల రంగు, నల్ల హెన్నా అని రాసి ఉన్న ప్యాకెట్ల మీద కూడా చిన్న అక్షరాలు చదవండి, వాటిలోనూ కలుపుతారు. కొంచెం కలిపి చెవి వెనక పావలా అంత రాసి 48 గంటలు ఆగండి. దురద గానీ, ఎరుపు గానీ వస్తే ఆ ప్యాకెట్ పారేయండి.

ఉక్కునగరం:
సరే డాక్టర్ గారూ. ప్యాకెట్ మీద పీపీడీ అని ఉంది, ఇప్పుడే చదివాను. చెవి వెనక రాసి చూస్తాను, ఎల్లుండి దాకా గడ్డం జోలికి వెళ్లను.